నెక్రోసిస్, రాట్: వేరుశనగలో ఒకే ‘కుళ్ళు’, రెండు అర్థాలు

వేరుశనగ కాండం నల్లబడి మొక్క చనిపోతే రైతు దానిని ‘కుళ్ళు’ అంటాడు. తెలుగు సస్యరక్షణ గ్రంథాలలోనూ అదే మాట కనిపిస్తుంది. ఆంగ్లంలో మాత్రం దీనికి నెక్రోసిస్, రాట్ అని రెండు పదాలున్నాయి. రెండూ చనిపోయిన కణజాలానికి సంబంధించినవే అయినా వాటి అర్థాలు వేరు.

నెక్రోసిస్‌కు మూలం ‘శవం’ అనే అర్థమున్న గ్రీకు పదం. సజీవంగా ఉన్న మొక్కలో కొంత కణజాలం చనిపోయి గోధుమ లేదా నలుపు రంగుకు మారడమే నెక్రోసిస్. వైరస్, శిలీంధ్రం, పొటాష్ లోపం, కలుపుమందు తాకిడి, ఏదైనా ఇందుకు కారణం కావచ్చు. రాట్ అంటే చనిపోయిన కణజాలం శిథిలమై విచ్ఛిన్నమవడం. శిలీంధ్రమో బ్యాక్టీరియానో ఎంజైములతో కణకవచాలను కరిగించడం వలన ఇది జరుగుతుంది. కనుక ప్రతి రాట్‌లోనూ కణజాల మరణం ఉంటుంది గాని, ప్రతి నెక్రోసిస్ రాట్ కాదు.

వేరుశనగలో కాండం కుళ్ళు తెగులు రాట్‌కు ఉదాహరణ. స్క్లెరోషియం రాల్ఫ్‌సై అనే శిలీంధ్రం నేల నుండి సోకుతుంది. కాండం మొదలు వద్ద తెల్లని బూజు, ఆవగింజల వంటి శిలీంధ్ర బీజాలు కనిపిస్తాయి. కాండం కుళ్ళు వైరస్ తెగులు నెక్రోసిస్ కోవకు చెందినది. దీనికి కారణం టొబాకో స్ట్రీక్ వైరస్. ఇందులో లేత ఆకులు, మొవ్వు, కాండం నల్లబడి ఎండుతాయి, బూజు ఉండదు. తెలుగు పేర్లలో ఈ రెండింటినీ వేరుచేసేది ‘వైరస్’ అనే ఒక్క మాటే. వాడుకలో అది జారిపోతే రైతు వైరస్ తెగులుకు శిలీంధ్రనాశినులు చల్లి నష్టపోతాడు.

2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లాలో ఈ వైరస్ తెగులు విజృంభించి వేరుశనగ రైతులకు తీవ్ర నష్టం కలిగించింది. వయ్యారిభామ కలుపు మొక్క ఈ వైరస్‌కు ఆశ్రయం. దాని పుప్పొడిలో వైరస్ ఉంటుంది. పుప్పొడి వేరుశనగ ఆకులపై పడి, తామర పురుగులు ఆ ఆకులను గీకినప్పుడు ఏర్పడే గాయాల ద్వారా వైరస్ మొక్కలోనికి ప్రవేశిస్తుంది.

నివారణ మార్గాలు కూడా వేరు. రాట్‌కు ట్రైకోడెర్మాతో విత్తనశుద్ధి, పశువుల ఎరువులో వృద్ధి చేసిన ట్రైకోడెర్మాను నేలకు అందించడం, పంట మార్పిడి మేలు చేస్తాయి. వైరస్ తెగులుకు వయ్యారిభామను పూతకు ముందే పీకివేయడం, పొలం చుట్టూ జొన్న లేదా సజ్జ వరుసలు వేయడం, ఇమిడాక్లోప్రిడ్‌తో విత్తనశుద్ధి చేసి తామర పురుగులను అదుపు చేయడం అవసరం.

అందుచేత ‘కుళ్ళు’ అన్న మాట విన్న వెంటనే మందు సూచించరాదు. మొక్కను పీకి, కాండం మొదట బూజు ఉన్నదో లేదో, మొవ్వు ఎండినదో లేదో పరిశీలించిన పిమ్మటే సలహా ఇవ్వాలి.