జాతరకు వెళ్ళే ముందు: మేడారం ఒక ఉదాహరణ

మీరు ఇప్పటివరకు ఏదో ఒక జాతరకో, తిరునాళ్ళకో, ఉర్సుకో వెళ్ళే ఉంటారు. రంగులరాట్నం, గాజుల దుకాణాలు, బూర శబ్దాలు, తినుబండారాల వాసన మీకు గుర్తుండే ఉంటాయి. ఊరి జాతరలో దారి తప్పినా ఫరవాలేదు; ఎవరో ఒకరు మనల్ని గుర్తుపట్టి ఇంటికి చేరుస్తారు. కాని లక్షలమంది చేరే జాతరలో మనల్ని గుర్తుపట్టేవారు ఉండరు. అక్కడ మన జాగ్రత్త మనమే తీసుకోవాలి. ఈ పాఠంలో అటువంటి పెద్ద జాతర ఒకదానిని దగ్గరగా పరిశీలిద్దాం.

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- మేడారం జాతర ఏ రోజున ఏమి జరుగుతుందో వివరించగలుగుతారు;
- గుంపు ఎప్పుడు, ఎందుకు ప్రమాదకరమవుతుందో చెప్పగలుగుతారు;
- కుటుంబంతో జాతరకు వెళ్ళేటప్పుడు చేసుకోవలసిన ఏర్పాట్లను జాబితాగా రాయగలుగుతారు.

1. జాతరలు ఎన్ని రకాలు?

మన దేశంలో జనం ఒకచోట చేరడానికి ఎన్నో కారణాలున్నాయి. బీహారులోని సోన్‌పూర్‌లోను, రాజస్థాన్‌లోని పుష్కర్‌లోను కార్తీక పౌర్ణమి రోజుల్లో పశువుల సంత, పుణ్యస్నానం కలిసి జరుగుతాయి. అజ్మీర్‌లో ఉర్సు జరుగుతుంది. నెల్లూరులో బారాషహీద్ దర్గా దగ్గర జరిగే రొట్టెల పండుగకు అన్ని మతాలవారూ వస్తారు. ఆదిలాబాదు జిల్లా కేస్లాపూర్‌లో గోండులు పుష్య అమావాస్యనాడు నాగోబాను కొలుస్తారు.

వీటన్నింటిలో ఒక పోలిక ఉంది. మొక్కు, వ్యాపారం, వినోదం, బంధువుల కలయిక అక్కడ విడివిడిగా ఉండవు. గాజులు కొన్న చేతితోనే కొబ్బరికాయ కొడతాం. ఏ జాతరకు వెళ్ళినా ముందుగా ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి: ఇది ఎవరి జాతర? ముఖ్యమైన ఘట్టం ఏ రోజు, ఏ వేళ? ఆ వేళ జనం ఎక్కడ చేరుతారు? ఈ ప్రశ్నలకు మేడారంలో జవాబులు వెతుకుదాం.

2. ఇది ఎవరి జాతర?

మేడారం తెలంగాణలోని ములుగు జిల్లాలో, ఏటూరునాగారం అభయారణ్య ప్రాంతంలో ఉన్న చిన్న గ్రామం. వరంగల్లు నుంచి సుమారు 100 కిలోమీటర్ల దూరం. రెండేళ్ళకొకసారి, మాఘ శుద్ధ పౌర్ణమి రోజుల్లో ఇక్కడ సమ్మక్క సారలమ్మ జాతర నాలుగు రోజులు జరుగుతుంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్ర, ఒడిశాల నుంచి జనం వస్తారు. వచ్చేవారి సంఖ్య కోటికి పైగా ఉంటుందని ప్రభుత్వ అంచనాలు. 1996లో దీనిని రాష్ట్ర పండుగగా ప్రకటించారు.

ఇది కోయల జాతర. వారు చెప్పుకునే కథ ఇలా సాగుతుంది. అడవిలో పులుల మధ్య ఆడుకుంటున్న పసిపాప కోయ పెద్దలకు దొరికింది. ఆమే సమ్మక్క. పెరిగి పెద్దదై పగిడిద్దరాజును పెళ్ళాడింది. సారలమ్మ, నాగులమ్మ, జంపన్న వారి పిల్లలు. కరవు వచ్చి పంటలు పోయిన కాలంలో కాకతీయ ప్రభువు కప్పం అడిగాడు. కోయలు ఇవ్వలేమన్నారు. యుద్ధం జరిగింది. పగిడిద్దరాజు, సారలమ్మ నేలకొరిగారు. జంపన్న సంపెంగ వాగులో ప్రాణం విడిచాడు; ఆ వాగునే నేడు జంపన్నవాగు అంటున్నాం. గాయపడిన సమ్మక్క చిలకలగుట్ట వైపు నడిచి కనిపించకుండా పోయింది. వెదకినవారికి ఒక కుంకుమ భరిణ మాత్రం దొరికింది.

అందుకే ఇక్కడ విగ్రహం ఉండదు. గద్దెలపై వెదురు కర్ర, కుంకుమ భరిణ రూపాలలోనే తల్లులను కొలుస్తారు. పూజారులు కోయలే. ఆకలితో ఉన్న ప్రజల పక్షాన నిలబడినవారిని తలచుకునే జాతర ఇది. ఈ సంగతి తెలిసి వెళ్ళినవారికి అక్కడ కనిపించే ప్రతి పనికీ అర్థం తెలుస్తుంది.

3. ఏ రోజు ఏమి జరుగుతుంది?

*బుధవారం:* సాయంత్రం కన్నెపల్లి నుంచి సారలమ్మను గద్దెకు తీసుకువస్తారు. పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు, కొండాయి నుంచి గోవిందరాజు వస్తారు.

*గురువారం:* చిలకలగుట్ట నుంచి సమ్మక్క వస్తుంది. గుట్టపై జరిగే పూజ రహస్యం. దానిని పూజారులే చేస్తారు. పూజారి కుంకుమ భరిణతో గుట్ట దిగగానే పోలీసు అధికారి గాలిలోకి తుపాకి పేల్చి వందనం చేస్తారు. దారి పొడవునా జనం ఎదురుకోళ్ళతో, ముగ్గులతో స్వాగతం చెబుతారు. జాతరలో ఇదే ముఖ్య ఘట్టం.

*శుక్రవారం:* దేవతలంతా గద్దెలపై ఉంటారు. మొక్కులు చెల్లించేవారు అత్యధికంగా వచ్చే రోజు. బెల్లాన్ని ఇక్కడ ‘బంగారం’ అంటారు. మనిషి బరువుకు సరితూగే బెల్లాన్ని ‘నిలువెత్తు బంగారం’గా సమర్పిస్తారు. ఒడిబియ్యం, పసుపు కుంకుమలు, చీరె సారె కూడా ఇస్తారు.

*శనివారం:* దేవతల వనప్రవేశం. సాయంత్రానికి జాతర ముగుస్తుంది. తిరుగు ప్రయాణానికి జనం ఒక్కసారిగా బయలుదేరుతారు.

దీనిని బట్టి మీ రోజును మీరే ఎన్నుకోవచ్చు. సమ్మక్క రాకను చూడాలనుకుంటే గురువారం వెళ్ళాలి. అయితే కిక్కిరిసిన జనానికి సిద్ధపడాలి. చంటిపిల్లలు, గర్భిణులు, వృద్ధులు మీతో ఉంటే జాతరకు ముందు వారాల్లోనే వెళ్ళి మొక్కు చెల్లించుకోవచ్చు. ఎంతోమంది అలాగే చేస్తున్నారు. ముందుగా వెళ్ళినంత మాత్రాన మొక్కు చిన్నదైపోదు.

పాఠ్యగత ప్రశ్నలు 1

ఖాళీలను పూరించండి.
1. మేడారంలో బెల్లాన్ని ______ అని పిలుస్తారు.
2. సమ్మక్కను ______ నుంచి గద్దెకు తీసుకువస్తారు.
3. సంపెంగ వాగుకు నేటి పేరు ______.

4. గుంపు ఎప్పుడు ప్రమాదకరమవుతుంది?

2015 జులై 14న రాజమండ్రిలో గోదావరి పుష్కరాల మొదటి రోజున తొక్కిసలాట జరిగి ఇరవై మందికి పైగా మరణించారు. 2025 జనవరి 29న, మౌని అమావాస్యనాడు, ప్రయాగరాజ్ కుంభమేళాలో కూడా అటువంటి విషాదమే జరిగింది. రెండు చోట్లా నది పెద్దదే, రోజులూ చాలా ఉన్నాయి. కాని ఎక్కువమంది ఒకే వేళకు, ఒకే చోటికి చేరాలనుకున్నారు.

తొక్కిసలాట అనగానే కాళ్ళ కింద పడి నలిగిపోవడం అనుకుంటాం. నిజానికి ఎక్కువమంది నిలబడి ఉండగానే ఊపిరాడక మరణిస్తారు. నాలుగు వైపుల నుంచి ఒత్తిడి పడినప్పుడు ఛాతీ విచ్చుకోదు. గాలి లోపలికి పోదు. వెనుక ఉన్నవారికి ముందు ఏమి జరుగుతున్నదో తెలియదు. వారు కొద్దికొద్దిగా నెట్టిన నెట్టుడంతా కలిసి ముందున్నవారి మీద పడుతుంది.

ఇలా చేసి చూడండి

ఇంటి ముందు ముగ్గుపిండితో మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉన్న గడి గీయండి. ఇద్దరు పెద్దవాళ్ళు అందులో నిలబడండి. హాయిగా తిరగవచ్చు. నలుగురు నిలబడండి. భుజాలు తగులుతాయి. ఆరుగురు నిలబడి చూడండి. చేయి పైకెత్తడమే కష్టం. పెద్ద గుంపులో ఈ స్థితి వచ్చినప్పుడు మన అడుగు మన ఇష్టప్రకారం పడదు. నీటిలో తేలే ఆకులాగా గుంపు ఎటు కదిలితే అటు పోతాం.

కాబట్టి నలుగురి స్థితిలోనే మేలుకోవాలి. నాలుగు పక్కలా భుజాలు తగులుతున్నాయంటే అక్కడి నుంచి పక్కకు తప్పుకోవలసిన సమయం వచ్చిందని గుర్తు. అప్పటికే చిక్కుకుపోతే ఈ విధంగా చేయండి:

- చేతులను ఛాతీ ముందు మడిచి ఉంచండి. ఊపిరి తీసుకోవడానికి కొంత చోటు మిగులుతుంది.
- గుంపుకు ఎదురు పోవద్దు. కదలిక ఆగినప్పుడల్లా ఏటవాలుగా ఒక పక్కకు జరగండి.
- గోడకు, కంచెకు ఆనుకుని నిలబడవద్దు.
- చెప్పు జారినా, డబ్బు పడిపోయినా వంగవద్దు.
- అరవకుండా ఊపిరిని కాపాడుకోండి.
- కింద పడితే వెంటనే లేవడానికి ప్రయత్నించండి. లేవలేకపోతే పక్కకు తిరిగి, మోకాళ్ళు ముడుచుకుని, తలను చేతులతో కప్పుకోండి.

పుకార్లకు చెవి ఒగ్గవద్దు. ‘తీగ తెగింది’, ‘గేటు మూసేస్తున్నారు’ వంటి ఒక్క మాటకు వందలమంది పరుగెత్తుతారు. మైకులో చెప్పేది విని నడుచుకోండి.

5. తప్పిపోతే ఏమి చేయాలి?

పెద్ద జాతరలలో ఫోను మీద పూర్తిగా ఆధారపడరాదు. లక్షలమంది ఒకేసారి మాట్లాడాలనుకుంటే సిగ్నలు అందదు. బ్యాటరీ కూడా అయిపోవచ్చు. అందుచేత బయలుదేరేముందే మూడు పనులు చేయండి.

మొదటిది, పేరు, ఊరు, ఇద్దరి ఫోను నంబర్లు కాగితం మీద రాసి ప్రతి ఒక్కరి జేబులో పెట్టండి. చిన్నపిల్లలకు మాత్రమే కాదు, చదువురాని పెద్దలకు, మతిమరుపు ఉన్నవారికి ఇది మరింత అవసరం. రెండవది, దిగిన వెంటనే ఒక కలుసుకునే చోటు నిర్ణయించుకోండి. ‘చెట్టు కింద’ అంటే సరిపోదు; అడవిలో అన్నీ చెట్లే. నంబరు ఉన్న స్తంభమో, ప్రభుత్వ శిబిరమో ఎంచుకుని పిల్లలకు చూపించండి. మూడవది, తప్పిపోయినవారి శిబిరం ఎక్కడుందో అడిగి తెలుసుకోండి. పిల్లలకు ‘మమ్మల్ని వెతకవద్దు, ఉన్నచోటే ఉండి పోలీసు అక్కకో, అన్నకో చెప్పు’ అని నేర్పండి.

పోలీసు సహాయానికి 112, అంబులెన్సుకు 108, పిల్లల సహాయానికి 1098 నంబర్లను కంఠస్థం చేయండి.

6. నీరు, తిండి, వాగు

జంపన్నవాగులో స్నానం చేయడం ఆచారం. ఎంతోమంది మునిగే ఆ నీరు తాగడానికి పనికిరాదు. ప్రభుత్వ కుళాయి నీళ్ళో, ఇంటి నుంచి తెచ్చినవో తాగండి. నమ్మకం లేని నీటిలో క్లోరిన్ బిళ్ళ వేసి అరగంట ఆగండి. స్నానఘట్టాలు దాటి లోతుకు వెళ్ళవద్దు. పిల్లల చేయి వదలవద్దు.

వేడిగా వండినవే తినండి. కోసి పెట్టిన పండ్లు, ఈగలు వాలిన మిఠాయిలు వద్దు. విరేచనాలు మొదలైతే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు తలగొట్టిన టీచెంచాల పంచదార, అర టీచెంచా ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా తాగించండి. తగ్గకపోతే వైద్య శిబిరానికి తీసుకువెళ్ళండి. రక్తపోటు, మధుమేహం ఉన్నవారు మందులను చేతిసంచిలోనే ఉంచుకోవాలి.

7. మనం అతిథులం

జాతర ముగిసినా ఆ అడవిలో, ఆ ఊళ్ళో ఉండేవారు కోయలే. మనం వదిలివచ్చిన ప్లాస్టిక్ సంచులు, సీసాలు వారి పొలాల్లో, వాగులో మిగిలిపోతాయి. తెచ్చిన చెత్తను తిరిగి తీసుకుపోండి. వంట అయిన తరువాత పొయ్యి మీద నీళ్ళు పోసి, బూడిద చల్లబడిందో లేదో చూడండి. మాఘమాసానికి రాలిన ఆకు ఎండి ఉంటుంది. వంటచెరకు కోసం పచ్చని చెట్టు నరకవద్దు. పూజారులు వద్దన్నచోట ఫోటో తీయవద్దు. శివసత్తులు పూనకంతో ఊగుతున్నప్పుడు చుట్టూ చేరి నవ్వడం, వీడియో తీయడం మర్యాద కాదు. మన ఇంటి పూజలో కొత్తవారు ఎలా ఉండాలని కోరుకుంటామో, అక్కడ మనం అలా ఉండాలి.

పాఠ్యగత ప్రశ్నలు 2

ఒప్పు / తప్పు గుర్తించండి.
1. గుంపులో పడిపోయిన వస్తువును వెంటనే వంగి తీసుకోవాలి.
2. తొక్కిసలాటలో ఎక్కువమంది ఊపిరాడక మరణిస్తారు.
3. ఫోను ఉంటే కలుసుకునే చోటు నిర్ణయించుకోనక్కరలేదు.

మీరు నేర్చుకున్న అంశాలు

- మేడారం కోయల జాతర. నాలుగు రోజులలో గురువారం సాయంత్రం ముఖ్య ఘట్టం.
- అందరూ ఒకే వేళకు ఒకే చోటికి చేరాలనుకోవడమే ప్రమాదానికి మూలం. రోజును, వేళను ఎన్నుకోవడం మన చేతిలో ఉంది.
- భుజాలు తగిలే స్థితిలోనే పక్కకు తప్పుకోవాలి.
- గుర్తింపు కాగితం, కలుసుకునే చోటు, శుభ్రమైన నీరు ముందే సిద్ధం చేసుకోవాలి.

పాఠాంత ప్రశ్నలు

1. మేడారంలో విగ్రహం ఎందుకు లేదో జాతర కథ ఆధారంగా ఐదు వాక్యాలలో రాయండి.
2. మీ అమ్మమ్మను, ఆరేళ్ళ పాపను తీసుకుని జాతరకు వెళుతున్నారు. ఏ రోజు వెళతారు? కారణాలు రాయండి.
3. మీ ప్రాంతంలో జరిగే ఒక జాతరను తీసుకుని, మొదటి విభాగంలోని మూడు ప్రశ్నలకు జవాబులు సేకరించండి. ఊరి పెద్దలను అడిగి తెలుసుకోండి.

పాఠ్యగత ప్రశ్నలకు జవాబులు

1: (1) బంగారం (2) చిలకలగుట్ట (3) జంపన్నవాగు
2: (1) తప్పు (2) ఒప్పు (3) తప్పు