మారువేషం వేసే సీతాకోకచిలుక

జిల్లేడు మొక్కను ఎరగని పిల్లలుండరు. ఊరి బయట దిబ్బల మీదా, రోడ్ల పక్కనా అది విరివిగా పెరుగుతుంది. దాని ఆకు తుంచితే తెల్లని పాలు కారతాయి. ఆ పాలు విషం. కంట్లో పడితే చూపుకే ప్రమాదం. అందుకే పశువులు సాధారణంగా జిల్లేడు జోలికి పోవు.

కాని ఈ విషపు ఆకునే కమ్మగా తిని పెరిగే ప్రాణి ఒకటున్నది. అది నలుపు, తెలుపు, పసుపు పట్టీలు గల ఒక గొంగళిపురుగు. జిల్లేడు విషం మామూలు ప్రాణుల గుండెను దెబ్బతీస్తుంది. ఈ పురుగు శరీరం మాత్రం ఆ విషానికి లొంగదు. పైగా అది విషాన్ని తన ఒంట్లోనే దాచుకుంటుంది. కొన్నాళ్ళకు పురుగు రూపం మారి, నారింజరంగు రెక్కల సీతాకోకచిలుక అవుతుంది. ముందు రెక్కల కొసలు నల్లగా ఉండి, ఆ నలుపులో తెల్లని మచ్చలుంటాయి. దీని పేరు ప్లెయిన్ టైగర్.

ఇది ఎగిరే తీరు చూశారా? తక్కిన సీతాకోకచిలుకలు పిట్ట నీడ పడితే చాలు, వంకరటింకరగా పారిపోతాయి. ఇది మటుకు పెళ్ళినడక నడిచినట్టు తాపీగా ఎగురుతుంది. దీన్ని తిన్న పిట్టకు మంచి గుణపాఠం దొరుకుతుంది గనకనే దీనికి అంత ధీమా!

ఆ గుణపాఠం ఎలాటిదో 1960 తరవాతి సంవత్సరాలలో లింకన్ బ్రోవర్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు చేసి చూపాడు. ప్లెయిన్ టైగర్‌కు అమెరికాలో మోనార్క్ అనే దాయాది ఉన్నది. దాని పురుగులు తినేది కూడా జిల్లేడు జాతికి చెందిన పాలమొక్కలనే. బ్రోవర్ బ్లూజే అనే పక్షులకు ఈ మోనార్క్‌లను పెట్టాడు. ఎన్నడూ వాటిని రుచి చూడని పక్షి ఆత్రంగా మింగింది. కాస్సేపటికి కడుపులో తిప్పి, తిన్నదంతా కక్కేసింది. మళ్ళీ మోనార్క్‌ను పెడితే, చూస్తూనే మొహం తిప్పేసుకున్నది!

బ్రోవర్ అంతటితో ఊరుకోలేదు. కొన్ని పురుగులను క్యాబేజీ ఆకులు పెట్టి పెంచాడు. ఆ సీతాకోకచిలుకలను తిన్న పక్షులకు ఏమీ కాలేదు! అంటే విషం సీతాకోకచిలుక సొంతం కాదు, మొక్క నుంచి తెచ్చుకున్నదన్నమాట.

ఇప్పుడు అసలు వింత వినండి. మన దేశంలోనే డానాయిడ్ ఎగ్‌ఫ్లై అనే మరో సీతాకోకచిలుక ఉన్నది. దాని పురుగులు తినే మొక్కలలో గంగపావిలి కూర ఒకటి. దాన్ని మనం కూడా పప్పులో వండుకుంటాం. దానిలో జిల్లేడు విషం లేదు. కనక ఈ సీతాకోకచిలుక పిట్టలకు చక్కని ఆహారం కావాలి. కాని దీనిలో ఆడది అచ్చు ప్లెయిన్ టైగర్‌లాగే ఉంటుంది! అదే నారింజరంగు, అవే నల్లని కొసలు, అవే తెల్లమచ్చలు. ఒకసారి చేదు తిని బుద్ధి తెచ్చుకున్న పిట్ట దీన్ని కూడా వదిలేస్తుంది. మగది మాత్రం ఈ వేషం వేయదు. దాని నల్లని రెక్కల మీద పెద్ద తెల్లమచ్చలూ, వాటి చుట్టూ ఊదారంగు మెరుపూ ఉంటాయి.

ఇలాటి వేషాల రహస్యాన్ని బయటపెట్టినవాడు హెన్రీ వాల్టర్ బేట్స్ అనే ఇంగ్లీషువాడు. 1848లో, 23 ఏళ్ళ వయసులో, ఆయన దక్షిణ అమెరికాలోని అమెజాన్ అడవులకు వెళ్ళి, 11 ఏళ్ళు పురుగులూ సీతాకోకచిలుకలూ సేకరించాడు. పైకి ఒక్కలాగే కనిపించేవి కొన్ని, పరీక్షగా చూస్తే వేరు వేరు కుటుంబాలకు చెందినవని ఆయన గ్రహించాడు. 1862లో దీన్ని గురించి లోకానికి చెప్పాడు.

ఈ వేషం ఎవరూ నేర్పినది కాదు. తాను వేషం వేశానని ఆ సీతాకోకచిలుకకే తెలియదు. ఎప్పుడో దాని పూర్వీకులలో కొన్ని చేదుదానికి కాస్త దగ్గరి పోలికతో పుట్టి ఉంటాయి. పిట్టలు వాటిని వదిలి, తక్కినవాటిని తిన్నాయి. మిగిలినవి గుడ్లు పెట్టాయి. ఇలా తరతరాలుగా జరిగి, పోలిక బాగా కుదిరింది.

అయితే ఈ వేషంలో ఒక చిక్కున్నది. వేషధారులు మరీ ఎక్కువైతే పిట్టకు చేదువాటికన్న రుచిగలవే ఎక్కువగా దొరుకుతాయి. అప్పుడు ఆ రంగును చూసి భయపడదు. వేషధారులకే కాదు, నిజంగా చేదైన వాటికి కూడా ముప్పు తప్పదు! కనక చేదువి ఉన్నంతకాలమే వేషం నిలుస్తుంది.

పిట్టలు మోసపోతే పోనీండి, మీరు మోసపోనక్కర్లేదు. ఈసారి నారింజరంగు సీతాకోకచిలుక పువ్వు మీద వాలితే, ముట్టుకోకుండా దాని వెనక రెక్కను పరీక్షగా చూడండి. నడుమ మూడో నాలుగో నల్లచుక్కలుంటే అది జిల్లేడు మీద పెరిగిన అసలుది. ముందంచున ఒక్క పెద్ద నల్లమచ్చ మాత్రమే ఉంటే అది గంగపావిలి తిన్న వేషధారి!