మరక పోవాలి, పూత మిగలాలి

పండుగ ముందు ఇంటికి రంగులు వేయించిన తరువాత గోడలు కళకళలాడతాయి. కానీ ఇనుప బీరువా మీద, కిటికీ చట్రాల మీద, పంఖా రెక్కల మీద రంగు చుక్కలు మిగిలిపోతాయి. వాటిని చాకుతో గీకడం, థిన్నర్‌తో గట్టిగా రుద్దడం ఎన్నో ఇళ్లలో మేము చూస్తున్నాం. చుక్క పోతుంది. దానితోపాటు కింది పూత కూడా పోతుంది. అటుపిమ్మట ఆ చోట ఇనుముకు తేమ తగిలి తుప్పు మొదలవుతుంది.

పూత అలంకారం మాత్రమే కాదు, లోహానికి కవచం. నేటి బీరువాలకూ కిటికీలకూ ఎక్కువగా ఉండేది పౌడర్ కోటింగ్. విద్యుదావేశం గల పొడిని లోహంపై చల్లి, సుమారు 180 నుండి 200 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాల్చి గట్టిపరుస్తారు. దాని మందం సాధారణంగా 60 నుండి 80 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. ఇంత పలుచని కవచం చాకుకు ఆగదు.

కనుక చేయి వేయక ముందే రెండు విషయాలు తేల్చుకోవాలి: పైన పడినదేమిటి, కింద ఉన్నదేమిటి?

పైన పడినది గోడలకు వేసే ఎమల్షన్ అయితే పని సులువు. తడిగా ఉన్నప్పుడు నీటిగుడ్డ చాలు. ఎండిపోతే గోరువెచ్చని సబ్బునీటిలో తడిపిన గుడ్డను 10, 15 నిమిషాలు చుక్కపై పరచి ఉంచాలి. మెత్తబడిన తరువాత గోటితోగాని, పాత ప్లాస్టిక్ కార్డు అంచుతోగాని మెల్లగా లేపాలి. అప్పటికీ కదలకపోతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను దూదితో కొద్దికొద్దిగా అద్ది తుడవాలి. నూనె రంగు, అంటే ఎనామెల్ పడితే ఆరకముందే టర్పెంటైన్‌తో తుడిచి, ఆపై సబ్బునీటితో కడగాలి.

ఇక కింది పూత సంగతి. అసిటోన్, థిన్నర్ వంటివి పౌడర్ కోటింగ్‌ను సైతం మెత్తబరచి మెరుపు పోగొట్టగలవు. చేతితో వేసిన ఎనామెల్ పూత మరింత సున్నితమైనది. పైనా కిందా ఒకే జాతి రంగు ఉంటే ద్రావకం ఆ రెంటికీ తేడా చూడదు. అటువంటప్పుడు ఆ భాగానికి మళ్లీ రంగు వేయించడమే మేలు. జింకు పూత పూసిన రేకులపైనా, అల్యూమినియంపైనా ఆమ్లంగాని కాస్టిక్ సోడాగాని వాడరాదు. అవి లోహాన్నే తినివేస్తాయి.

ఏది వాడినా మొదట బీరువా వెనుకవైపు, కంటికి కనబడని చోట పరీక్షించాలి. గుడ్డకు బీరువా రంగు అంటిందంటే వెంటనే ఆపివేయాలి. ఉక్కు పీచును దగ్గరకు రానీయరాదు. అది గీతలు పెడుతుంది, దాని ముక్కలు తుప్పుపట్టి కొత్త మరకలవుతాయి.

పిల్లలున్న ఇంట మరొక జాగ్రత్త అవసరం. ఇంటి రంగులలో సీసం పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుండి అమలులో ఉంది. అంతకు ముందటి రంగులో సీసం అధికంగా ఉండవచ్చు. దానిని పొడిగా గీకితే లేచే దుమ్ము పసిపిల్లల మెదడుకు హాని చేస్తుంది. ద్రావకాలు వాడేటప్పుడు కిటికీలు తెరచి, పొయ్యి ఆర్పి, పిల్లలను దూరంగా ఉంచాలి.

మెత్తని ఉపాయంతో మొదలుపెట్టి, అవసరమైతేనే ఒక్కొక్క మెట్టు పైకి వెళ్లాలి. చుక్క ఎంతకూ వదలకపోతే దానిని అలాగే ఉండనివ్వండి. చిన్న చుక్కతో బీరువాకు వచ్చే నష్టమేమీ లేదు, పూత పోతేనే నష్టం.