ఊసరవెల్లి ముసలిదైతే...

తొండను చూసి ఊసరవెల్లి అనుకునేవారు మనలో చాలామంది ఉన్నారు. గోడమీద తల ఆడిస్తూ, మనిషి అలికిడికి చటుక్కున పారిపోయేది తొండ. ఊసరవెల్లి తీరే వేరు. గాలికి ఆకు ఊగినట్లు ముందుకూ వెనక్కూ ఊగుతూ ఒక్కొక్క అడుగే వేస్తుంది. దాని వేళ్లు రెండు కట్టలుగా విడిపోయి, పట్టకారులాగా కొమ్మను పట్టుకుంటాయి. రెండు కళ్లూ ఒకే సమయంలో రెండు దిక్కులకు తిరుగుతాయి.

ఒకసారి మా ఎనిమిదో తరగతి కుర్రవాడొకడు అట్టపెట్టెలో ఊసరవెల్లిని పెట్టి బడికి తెచ్చాడు. "మాస్టారూ, దీన్ని పెంచుకోవచ్చా?" అని అడిగాడు. కూడదన్నాను. మన దేశపు ఊసరవెల్లిని పట్టడం, పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఆ సాయంత్రమే ఇద్దరం వెళ్లి, అది దొరికిన చెట్టుమీదే వదిలివచ్చాం. "చట్టం లేకపోతే పెంచుకోవచ్చుగా?" అన్నాడు దారిలో. అతడికి చెప్పిన జవాబే మీకూ చెబుతాను.

అమెరికాలోనూ, ఐరోపాలోనూ కొందరు ఊసరవెల్లులను ఇళ్లలో పెంచుతారు. వాటిలో ముఖ్యమైనది యెమెన్ ఊసరవెల్లి. యెమెన్, దాన్ని ఆనుకుని ఉన్న సౌదీ అరేబియా కొండప్రాంతాలు దాని స్వస్థలం. తలమీద కిరీటంలాంటి ఎత్తైన భాగం ఉంటుంది. పిల్లగా ఉన్నప్పుడు దాన్ని పెంచడం ఒక ఎత్తు, ముసలిదయ్యాక సాకడం మరొక ఎత్తు.

ఎన్నేళ్లకు ముసలితనం?

ఊసరవెల్లులన్నిటి ఆయుష్షూ ఒకటి కాదు. మడగాస్కర్ దీవిలో లాబోర్డ్ ఊసరవెల్లి అనే జాతి ఉంది. అది గుడ్డులోనే ఎనిమిది, తొమ్మిది నెలలు గడుపుతుంది. నవంబరులో బయటికి వచ్చి, పెరిగి, గుడ్లు పెట్టి నాలుగైదు నెలల్లోనే చనిపోతుంది! యెమెన్ ఊసరవెల్లి బాగా సాకితే ఐదు నుంచి ఎనిమిదేళ్లు బ్రతుకుతుంది. ఆడది సాధారణంగా మగదానికంటే ముందే పోతుంది. మగతోడు లేకపోయినా అది గుడ్లు పెడుతుంది. ఒక్కొక్కసారికి పదుల సంఖ్యలో గుడ్లు తయారు కావాలంటే ఒంట్లోని కాల్షియం కరిగిపోవలసిందే. ముద్దుచేసి అతిగా మేపితే గుడ్లు ఇంకా ఎక్కువ పెట్టి త్వరగా నీరసిస్తుంది.

దీపం వెలిగితే చాలదు

ఎముకలకు కాల్షియం కావాలని మీరు చదువుకున్నారు. తిన్న కాల్షియం ఒంటికి పట్టాలంటే విటమిన్-డి కావాలి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చర్మంమీద పడినప్పుడు అది తయారవుతుంది. ఇంట్లో పెరిగే ఊసరవెల్లికి ఎండ ఎక్కడిది? కిటికీ దగ్గర పెడితే సరిపోతుందనుకుంటారు కొందరు. విటమిన్ తయారీకి కావలసిన కిరణాలను కిటికీ అద్దం చాలావరకు ఆపేస్తుంది. అందుకే ప్రత్యేకమైన దీపం పెడతారు. ఇక్కడ ఒక మోసం ఉంది. దీపం కంటికి బాగానే వెలుగుతూ ఉంటుంది, కాని కొన్ని నెలలకే దానిలోని అతినీలలోహిత కిరణాలు తగ్గిపోతాయి. దీపాన్నిబట్టి ఆరునెలలకో ఏడాదికో మార్చాలి. మార్చకపోతే పిల్లలకు రికెట్స్ వచ్చినట్లే దానికీ కాళ్లు వంకరపోతాయి, దవడ మెత్తబడుతుంది.

అంతకంటె కష్టం నాలుకది. ఒంటి పొడవుకంటె ఎక్కువ దూరం పోయే ఆ నాలుక, సాగదీసిన పంగలకర్ర రబ్బరులాగా శక్తిని దాచుకుని ఒక్కసారిగా దూసుకుపోతుంది. కాల్షియం తగ్గితే కండరాలు బలహీనపడి గురి తప్పుతుంది. ఒక్కొక్కప్పుడు బయటికి వచ్చిన నాలుక లోపలికి పోలేక వేలాడుతుంది. వేటాడలేని ఊసరవెల్లికి కీచురాళ్లను గిన్నెలో పెట్టి నోటి దగ్గరికి అందించాలి. వాటిమీద కాల్షియం పొడి చల్లాలి. ఎందుకంటే కీటకాల్లో సాధారణంగా భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ.

నీళ్లగిన్నె దానికి పనికిరాదు

గిన్నెలో కదలకుండా ఉన్న నీళ్లను ఊసరవెల్లి సాధారణంగా తాగదు. ఆకులమీద మెరిసే బిందువులను నాకుతుంది. అందుకని ఆకులమీద నీళ్లు చిలకరించాలి, చుక్కచుక్కగా పడే ఏర్పాటు చేయాలి. దాహం తీరిందో లేదో తెలుసుకోవడానికి ఒక గుర్తు ఉంది. పక్షులలాగే ఇదీ యూరిక్ ఆమ్లాన్ని తెల్లని ముద్దగా విసర్జిస్తుంది. ఆ తెలుపు పసుపుగానో, నారింజగానో మారితే నీళ్లు చాలలేదని అర్థం. వయసు మీరి మూత్రపిండాలు మందగిస్తే యూరిక్ ఆమ్లం స్ఫటికాలుగా కీళ్లలో చేరుతుంది. కీళ్లు వాచి, కొమ్మమీద పట్టు జారుతుంది.

అప్పుడు పంజరమే మారాలి. కొమ్మలు కిందికి దించాలి, దగ్గరదగ్గరగా కట్టాలి. నున్నని పుల్లలు తీసి గరుకైనవి పెట్టాలి. పడినా దెబ్బ తగలకుండా అడుగున మెత్తగా ఉంచాలి.

ఒంటికన్నుతో గురి

ఒక కన్ను పోతే ఊసరవెల్లి వేటాడగలదా? మనం దూరాన్ని అంచనా వేయడానికి రెండు కళ్లనూ కలిపి వాడతాం. ఊసరవెల్లి చూపు కెమెరా కటకాన్ని సర్దినట్లు దూరాన్ని కొలుస్తుంది. లిండ్సే హార్క్‌నెస్ అనే శాస్త్రజ్ఞులు 1977లో ఊసరవెల్లుల కళ్లముందు కటకాలు పెట్టి చూశారు. నాలుక విసిరే దూరం తప్పింది! కనుకనే ఒంటికంటి ఊసరవెల్లి కూడా వేటాడగలుగుతుంది. రెండు కళ్లూ పోయినదానికి మాత్రం రోజూ చేత్తో అందించవలసిందే.

వీటన్నిటికంటే పెద్ద చిక్కు ఇంకొకటి. ఊసరవెల్లి మూలగదు, అరవదు. అడవిలో బలహీనత బయటపడితే శత్రువు పట్టుకుంటుంది గనుక దాచుకుంటుంది. పగటిపూట కళ్లు మూసుకోవడం, కళ్లు లోతుకు పోవడం, వెచ్చగా ఉన్నా రంగు నల్లబడే ఉండడం, కొమ్మ విడిచి నేలమీద పడుకోవడం, ఇవే దాని మాటలు. ఇవి కనిపించేసరికి జబ్బు చాలా ముదిరి ఉంటుంది. పశువైద్యునికి వెంటనే చూపించాలి.

ఇదంతా విన్నాక ఆ కుర్రవాడు కాసేపు మాట్లాడలేదు. తరువాత, "చెట్టుమీద ఇవన్నీ ఎవరు చేస్తారు మాస్టారూ?" అన్నాడు. ఎండ ఎండే ఇస్తుంది, నీటిబొట్లు మంచు ఇస్తుంది, కొమ్మలు చెట్టు ఇస్తుంది. ముసలితనంలో కొమ్మను కిందికి దించేవారు మాత్రం అక్కడ ఎవరూ ఉండరు, అది నిజమే. కాని మనం దాన్ని పెట్టెలోకి తెస్తే ఎండ, మంచు, చెట్టు ఈ మూడింటి పనీ మనదే, అది చనిపోయే రోజుదాకా. అంత పని నెత్తిన వేసుకోగలమా అని ముందే అడుక్కోవాలి.

మీ ఊరి పొలాల్లో ఊసరవెల్లి కనిపిస్తే దూరంగా నిలబడి చూడండి. ఏ కన్ను ఎటు తిరిగిందో, ఎంతసేపటికి అడుగు వేసిందో మీ నోటు పుస్తకంలో రాసుకోండి. దానికి విషం లేదు, రాయి విసరకండి. గాయపడినది కనిపిస్తే అటవీశాఖవారికి తెలియజేయండి. రోడ్డుమీద ఊగుతూ నడిచేది కనిపిస్తే, అది అవతలి చెట్టు చేరేదాకా మీరు కాపలా ఉండండి. దానికి మీరు చేయగల గొప్ప సేవ అదే.