పేకముక్కలు, లెక్క, నిగ్రహము

పేకాట యనగానే మన యిండ్లలో పెద్దలు ముఖము చిట్లింతురు. ఆ పెద్దలే శివరాత్రి జాగరణమునాడు తెల్లవారువరకు పేక పంచుకొని కూర్చుండుటయు మనము ఎరిగినదే. ఈ రెండు మనస్సులకును కారణము లేకపోలేదు. ముక్కలు చేతబట్టి ఆలోచించుట యొకటి. ముక్కల వెంట ఇల్లు వాకిలి పంపివేయుట యింకొకటి. ఈ రెండింటి నడుమ గీత యెక్కడ పడుచున్నదో, ఆటలో ప్రపంచ విజేతలైన వారి హితవులనుండియు, వారి జీవితములనుండియు తెలిసికొనుటకు ఈ ప్రసంగమున ప్రయత్నింతము.

మేము తీసికొన్న ఆట పోకరు. ఇది అమెరికాలో పెరిగిన ఆట. దానిలో రకములు పెక్కు కలవు. పెద్ద పోటీలలో ప్రసిద్ధమైనది టెక్సాస్ హోల్డెమ్ అను రకము. 52 ముక్కల పేకనుండి ఒక్కొక్కరికి రెండేసి ముక్కలు మూసి పంచుదురు. తరువాత బల్ల నడుమ అందరికి ఉమ్మడిగా ఐదు ముక్కలు తెరచి వేయుదురు: మొదట మూడు, పిదప ఒకటి, తుదకు ఇంకొకటి. తన రెండింటిని, ఉమ్మడి ఐదింటిని కలిపి చూచుకొని, మేలైన ఐదు ముక్కల జట్టును కూర్చుకొనవలెను. ఒక జతకంటె రెండు జతలు, వానికంటె ఒకే అంకెగల మూడు ముక్కలు, వానికంటె వరుసగా వచ్చిన ఐదు, అంతకంటె ఒకే జాతికి చెందిన ఐదు, ఇట్లు మెట్లు మెట్లుగా విలువ పెరుగును. ప్రతి విడతలోను పందెము కాయుటయు, పెంచుటయు, ముక్కలు పడవైచి తప్పుకొనుటయు ఉండును. చేతిలో సరుకు లేకున్నను ఉన్నట్లు పందెము పెంచి ఎదుటివానిని తప్పించవచ్చును. మన యూళ్ళలో మూడు ముక్కలాట ఎరిగినవారికి ఈ బుకాయింపు క్రొత్త కాదు.

ఈ ఆటకు ప్రపంచపోటీ 1970లో లాస్ వేగాస్ నగరమున, బెన్నీ బినియన్ అను నాతని హార్స్‌షూ జూదశాలలో మొదలైనది. ఆ పోటీలో 1976లోను, 1977లోను వరుసగా గెలిచిన డాయిల్ బ్రన్సన్ అనునాయన టెక్సాసు పల్లెటూరివాడు. 1933లో జన్మించెను. కళాశాలలో బాస్కెట్‌బాల్ ఆటగాడుగా పేరు పొందెను. కాలు విరిగి ఆ యాశ పోయినది. ఉన్నత పట్టము పుచ్చుకొని, కొంతకాలము వ్యాపారయంత్రములు విక్రయించు ఉద్యోగము చేసి, పేకాటలో వచ్చునది జీతముకంటె ఎక్కువని తెలిసి ఆ దారి పట్టెను. 1978లో తన యనుభవమును, మరికొందరు నిపుణుల యనుభవమును చేర్చి ‘సూపర్ సిస్టమ్’ అను గ్రంథమును తానే వెలువరించెను. అంతవరకు ఆటగాండ్రు గుట్టుగా దాచుకొన్న మెలకువలు దానితో బజారున పడినవి.

ఆ మెలకువలలో మొదటిది, తక్కువ ఆటలు ఆడుట. ఆడినప్పుడు గట్టిగా ఆడుట. క్రొత్తవాడు వచ్చిన ప్రతి చేతితోను ఆడవలెనని కోరును. తప్పుకొని ఊరక కూర్చుండుట అతనికి శిక్షగా తోచును. నేర్పరి పెక్కు చేతులను పందెము కాయకయే పడవైచును. దిగినప్పుడు మాత్రము ఎదుటివారిని అనుసరింపక తానే పందెము పెంచును. ఇందుకు లెక్క కలదు. పంచిన రెండు ముక్కలును ఆసులే యగుట 221 పర్యాయములలో ఒకసారి జరుగును. అంతకంటె మంచి ఆరంభము లేదు. ఎదుట ఒక్కడే యున్నచో ఈ జత నూటికి 85 సార్లు గెలుచును. ఎదుట తొమ్మండుగురు తుదివరకు నిలిచినచో నూటికి 31 సార్లు మాత్రమే గెలుచును. కనుక మంచి ముక్కలున్నవాడు పందెము పెంచి గుంపును తగ్గించుకొనవలెను.

రెండవది, తన వంతు. చివరకు పలుకువానికి ముందువారందరు ఏమి చేసిరో తెలియును. మొదట పలుకువానికి ఏమియు తెలియదు. ఒకే రెండు ముక్కలతో మొదటి వంతున తప్పుకొనుటయు, చివరి వంతున పందెము కాయుటయు రెండును సరియే కావచ్చును.

మూడవది లెక్క. ఇక్కడ మనకు నలుని కథ స్మరణకు వచ్చును. జూదమున రాజ్యము పోగొట్టుకొని, బాహుకుడను పేర సారథియై యున్న నలునకు, ఋతుపర్ణ మహారాజు దారిలోని తాండ్రచెట్టు ఆకులను, కాయలను చూచినంతనే లెక్కించి చెప్పెను. నలుడు తాను ఎరిగిన అశ్వహృదయమునకు మారుగా ఆయనవద్ద అక్షహృదయమును గ్రహించెను. కంటబడిన కొంచెమునుబట్టి కంటబడని దానిని గణించు విద్యకును, జూదమునకును గల సంబంధమును మన పూర్వులు ఆనాడే గుర్తించినారు.

పోకరులో ఆ విద్య యిట్లుండును. మీ చేతిలో రెండు ఇస్పేటులు, బల్లపై తెరచిన నాలుగింటిలో రెండు ఇస్పేటులు కలవనుకొందము. ఇంకొక ఇస్పేటు పడినచో మీదే గెలుపు; పడనిచో ఓటమి. మీరు చూచిన ముక్కలు 6, చూడనివి 46. వానిలో ఇస్పేటులు 9. కుప్పలో 100 రూపాయలుండగా ఎదుటివాడు 50 కాసెను. మీరును 50 కాసినచో 150 గెలువవచ్చును. కాయవలెనా? ఇట్టి సందర్భము 46 పర్యాయములు వచ్చిన దనుకొనుడు. 9 సార్లు 150 చొప్పున 1350 రూపాయలు వచ్చును. 37 సార్లు 50 చొప్పున 1850 పోవును. నికరముగా 500 నష్టము. అదే యెదుటివాడు 20 మాత్రమే కాసినచో, వచ్చునది 9 సార్లు 120 చొప్పున 1080. పోవునది 37 సార్లు 20 చొప్పున 740. నికరముగా 340 లాభము. ముక్కలు అవే. మొదటిసారి తప్పుకొనుట వివేకము, రెండవసారి కాయుట వివేకము. ఇందులో అదృష్టముతో నిమిత్తము లేదు.

నాలుగవ హితవు ఆటకే గాక సంసారమునకును పనికివచ్చునది. నిర్ణయమును దాని ఫలితమునుబట్టి మాత్రమే తూచరాదు. పై యుదాహరణమున 50 కాసినవానికి ఇస్పేటు పడి 150 వచ్చినను అతడు చేసినది తప్పే. 20 కాసినవానికి ఇస్పేటు పడకపోయినను అతడు చేసినది ఒప్పే. మనస్తత్వశాస్త్రము చదివి పోకరు ఆటగత్తెగా పేరొందిన ఆనీ డ్యూక్ అను నామె 2018లో వెలువరించిన గ్రంథమున ఈ విషయమునే ప్రధానముగా చర్చించినది. మంచి వాన చూచి విత్తిన రైతునకు తరువాత తెరపిచ్చి పైరు ఎండినచో, ఊరివారు అతనిని తెలివితక్కువవా డందురు. దుక్కి పొడిగా నుండగా విత్తినవానికి అనుకోని జల్లు పడినచో దూరదృష్టి గలవా డందురు. ఫలితము కండ్లకు గట్టును; ఆలోచన కనబడదు. అందుచేతనే మనము తీర్పులో పొరపడుచున్నాము. స్వయముగా బ్రన్సన్ 1976, 1977 రెండు సంవత్సరములలోను తుది ఆటను పది, రెండు అను హీనమైన ముక్కలతోనే గెలిచెను. ఆ ముక్కలకు నేటికిని ఆయన పేరే వాడుకలో నున్నది. అంతమాత్రమున అవి మంచి ముక్కలు కాజాలవు.

ఐదవది నిగ్రహము. పోయినచోటనే వెదకుకొనవలెనని మనలో సామెత కలదు. పేకాటలో ఇంతకంటె చేటు తెచ్చు మాట లేదు. ఓడినవానికి కసి పుట్టును, కసితో పందెము పెరుగును, లెక్క మరచును. పోయిన సొమ్ము తనది కాదని, రాబోవు చేతికి వెనుకటి చేతితో సంబంధము లేదని తలంచగలవాడే నిలుచును. అట్లు తలంపలేని పూట బల్లవద్దనుండి లేచిపోవుటయే నేర్పు.

ఆరవది చేతిలోని సొమ్మును కాపాడుకొనుట. ఒకడు నూటికి 60 సార్లు గెలుచునంత నేర్పరి యనుకొందము. కాని ప్రతిసారియు తనకున్నదంతయు ఒడ్డును. పది పందెములు వరుసగా గెలిచి నిలుచు అవకాశము వేయింట 6 మాత్రమే. తక్కిన 994 మారులు ఎచ్చటనో ఒకచోట సర్వము పోయి లేచును. నేర్పు ఉన్నను పొదుపు లేనిచో గతి యిది. బ్రన్సన్, అమరిల్లో స్లిమ్, సెయిలర్ రాబర్ట్స్ అను మువ్వురు కూటమిగా టెక్సాసులో ఆడి కూడబెట్టిన సొమ్మంతయు లాస్ వేగాసునకు తొలిసారి పోయినప్పుడు హరించినది, కూటమి విడిపోయినది. ఈ మువ్వురును తరువాత ప్రపంచ విజేతలైనవారే.

ఇక పోటీ జీవితము వేరు. ఇక్కడ ప్రవేశరుసుము కట్టినవారికందరికి సమానముగా బిళ్ళలు ఇత్తురు. తప్పనిసరిగా పెట్టవలసిన పందెము గడియ గడియకు పెరుగుచుండును. బిళ్ళలు అయిపోయినవాడు లేచిపోవలెను. 1976లో 22 మంది పదేసి వేల డాలర్లు కట్టగా 2,20,000 డాలర్లును బ్రన్సన్‌కే దక్కినవి. 1978నుండి బహుమతిని పంచి యిచ్చుచున్నారు. అందువలన బిళ్ళలు రెట్టింపైనంతమాత్రమున బహుమతిలో పాలు రెట్టింపు కాదు. అన్నియు పోయినచో మాత్రము పాలు పూర్తిగా పోవును. కనుక మామూలు ఆటలో లాభసాటియైన పందెమును పోటీలో వదలుకొనవలసిన ఘట్టములు కలవు. 2003లో క్రిస్ మనీమేకర్ అను లెక్కల గుమాస్తా 86 డాలర్లతో చిన్న పోటీ గెలిచి, దానిద్వారా అసలు పోటీకి వచ్చి, 839 మందిలో మొదటివాడై 25 లక్షల డాలర్లు పొందెను. 2023నాటికి పోటీదారుల సంఖ్య పదివేలు దాటినది. ఒక్కనికి పట్టాభిషేకమగునప్పుడు వేలమంది రుసుము పోగొట్టుకొని ఇంటికి పోవుచున్నారని మరువరాదు.

నేర్పు ఒక్కటియే చాలదనుటకు స్టూ అంగర్ కథ చాలును. న్యూయార్కులో పుట్టిన ఇతడు మన రమ్మీకి దాయాదియైన జిన్ రమ్మీలో ఎంతటివాడనగా, తుదకు అతనితో ఆడుటకు ఎవ్వరును ముందుకు రాకుండిరి. అందుచే పోకరునకు వచ్చి, 1980లో తుది ఆటలో బ్రన్సన్‌నే ఓడించి ప్రపంచ విజేత యయ్యెను. 1981లో మరల గెలిచెను. ముక్కల జ్ఞాపకమున అతనిని మించినవాడు లేడని తోడివారే ఒప్పుకొనిరి. కాని వచ్చినదంతయు గుఱ్ఱపు పందెములకును, ఆటల పందెములకును, మత్తుమందునకును పోయెను. 1990 పోటీలో మూడవనాడు హోటలు గదిలో స్పృహ తప్పి యుండగా దొరకెను. అతడు ముందే కూడబెట్టిన బిళ్ళలు ఖాళీ కుర్చీ యెదుట తరుగుచు తరుగుచు 9వ స్థానమువరకు నడచినవి. 1997లో మిత్రుడు రుసుము కట్టగా ఆడి మూడవసారి గెలిచెను. బహుమతి పది లక్షల డాలర్లు. మరుసటి యేడు పోటీనాటికి అందులో తన పాలు కరగిపోయినది. మిత్రుడు సిద్ధముగా నున్నను అతడు ఆటకు దిగలేకపోయెను. 1998 నవంబరులో ఒక చవక బసలో ఒంటరిగా మరణించెను. వయస్సు 45. అంత్యక్రియలకు మిత్రులు చందాలు వేసికొనిరి. అతని చేతిలో ఓడిన బ్రన్సన్ 89 ఏండ్లు జీవించి, అరువది యేండ్ల దాంపత్యమును చూచి, 2023లో కన్ను మూసెను. ముక్కల విద్యలో అంగర్ తక్కువవాడు కాడు. బల్లవద్దనుండి లేచిన పిమ్మట ఆగుట యెరుగడు.

మన దేశపు సంగతి రెండు మాటలు. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు వ్యవహారమున 1967లో సుప్రీంకోర్టు, పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొని ఆడు రమ్మీ ప్రధానముగా నేర్పుతో కూడిన ఆటయని తీర్పు చెప్పినది. మూడు ముక్కలాట వంటివి కేవలము అదృష్టముపై నడచుననియు, రమ్మీలోనైనను ఆడించువారు పందెములనుండి లాభము గడించినచో నేరము కావచ్చుననియు అందులోనే వివరించినది. ఈ చివరి మాట ముఖ్యము. ప్రతి కుప్పనుండి ఆడించువాడు కొంత తీసికొనునప్పుడు, సమానులైన ఆటగాండ్రందరును కాలక్రమమున ఓడుదురు. చేతిలోని ఫోనుపై రేయింబవళ్ళు ఈ ఆట నడచినప్పుడు ఎన్ని ఇండ్లు అప్పులపాలైనవో పత్రికలు చదువువారికి తెలియును. తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను ఇట్టి ఆటలను నిషేధించుచు తమ చట్టములను సవరించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పందెముతో ఆన్‌లైన్‌లో ఆడించు ఆటలను దేశమంతట నిషేధించు చట్టమును ఆమోదించినది.

ఇంటి పిల్లలకు ఈ లెక్కలు నేర్పదలచినచో అందుకు రూపాయి అక్కరలేదు. చింతగింజలు చాలును. తలకు నూరు గింజలు పంచి, పైన చెప్పిన ఇస్పేటుల లెక్కను వారిచేతనే వేయించుడు. గింజలు అయిపోయినవానిని లెమ్మనుడు; అరువు ఇయ్యకుడు. కొంతసేపటికి అప్పు అడుగువాడెవ్వడో, తనంతట లేచిపోవువాడెవ్వడో మీకే తెలియును.