మా ఇంట్లో నలుగురు ఛాంపియన్లు

మా ఇంట్లో నలుగురు బాడ్మింటన్ ఛాంపియన్లున్నారు. కంగారుపడకండి. మా వంశంలో ఎవరూ జిల్లా పోటీల దాకా కూడా వెళ్ళిన పాపాన పోలేదు. నేను చెప్పేది మేము కొలిచే వేల్పుల మాట. మా నాన్నగారికి నందు నటేకర్, నాకు ప్రకాశ్ పదుకొణె, మా అబ్బాయికి పుల్లెల గోపీచంద్, మా మనవరాలికి పి. వి. సింధు. నాన్నగారు పోయి చాలా ఏళ్ళయింది కనుక, ఆయన తరఫున వకాల్తా పుచ్చుకునే భారం కూడా నామీదే పడింది.

మొన్న ఆదివారం భోజనాల దగ్గర తగవు మళ్ళీ మొదలయింది. "తాతయ్యా, మీ ప్రకాశ్ ఇప్పుడొచ్చి ఆడితే మొదటి రౌండులోనే ఇంటికొచ్చేస్తాడు" అంది మనవరాలు, పప్పన్నంలో నెయ్యి కలుపుకుంటూ. దానికి పదమూడేళ్ళు. నాకు డెబ్బయి దాటాయి. నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. మా అబ్బాయి నవ్వుతూ, "గోపీచంద్ లేకపోతే మీ ఇద్దరి వీరుల పేర్లూ ఎవరికీ గుర్తుండేవి కావు" అన్నాడు. ఆ మధ్యాహ్నం నాకు కునుకు పట్టలేదు. కాగితం, కలం తీసుకుని కూర్చుని అసలు లెక్కేమిటో తేలుద్దామనుకున్నాను.

ముందు నాన్నగారి వీరుడితో మొదలుపెడతాను. నందు నటేకర్ మహారాష్ట్రలోని సాంగ్లీవాడు. 1956లో కౌలాలంపూరులో గెలిచి, విదేశీ గడ్డమీద అంతర్జాతీయ టైటిల్ సంపాదించిన మొదటి భారతీయ బాడ్మింటన్ ఆటగాడనిపించుకున్నాడు. ఆ రోజుల్లో మలయాలో గెలవడమంటే సామాన్యం కాదు. 1949లో థామస్ కప్పు పోటీలు మొదలైనప్పుడు మొదటి కప్పు పట్టుకుపోయింది మలయావారే. తరవాత 1952లోనూ, 1955లోనూ కూడా వాళ్ళే. వాళ్ళ వాంగ్ పెంగ్ సూన్ ఆల్ ఇంగ్లండ్ టైటిల్‌ని నాలుగుసార్లు గెలిచాడు. అటువంటివారి ఇంటికి వెళ్ళి గెలిచి వచ్చాడు నటేకర్.

అప్పటి రాకెట్లు చెక్కవి. తేమకి వంకరపోకుండా, నాలుగు మూలలా మరలున్న చెక్క చట్రంలో బిగించి ఉంచేవారు. కాకినాడలో మా నాన్నగారి రాకెట్టు అలాగే గోడకు వేలాడుతూ ఉండేది. దేవుడి పటాల తరవాత ఇంట్లో అంత భద్రంగా చూసుకున్న వస్తువు మరొకటి లేదు.

ఇక నా వీరుడు. ప్రకాశ్ ఆట నేర్చుకున్నది బెంగుళూరులో ఒక పెళ్ళిళ్ళ హాలులో. ముహూర్తాలున్న రోజుల్లో ఆట బందు! అటువంటి చోటునుంచి వచ్చి 1971 మొదలు 1979 దాకా తొమ్మిదేళ్ళు వరసగా జాతీయ ఛాంపియన్ అయ్యాడు. 1980లో ఆల్ ఇంగ్లండ్ ఫైనల్స్‌లో ఇండొనేషియా సింహం లిమ్ స్వీ కింగ్‌ను 15-3, 15-10తో ఓడించాడు. మర్నాడు పేపరు పట్టుకుని మా ఆఫీసంతా తిరిగి చూపించాను. మా సెక్షన్ హెడ్డు, "ఇది కూడా క్రికెట్టేనా?" అని అడిగాడు.

ఈ ఇద్దరినీ ఇప్పటివారితో పోల్చడమెలా? పోల్చబోతే కాళ్ళకింద నేలే కదిలిపోతోంది. ఆ రోజుల్లో సర్వీసు చేసినవాడు గెలిస్తేనే పాయింటు. అవతలివాడు ఎంత గొప్పగా ఆడినా అతనికి దక్కేది సర్వీసు మాత్రమే. 15 పాయింట్ల గేము గంటలు గంటలు సాగడానికి అదే కారణం. ఓపికే సగం బలం. 2006లో ఈ పద్ధతి పోయింది. ఎవరు సర్వీసు చేసినా సరే, ర్యాలీ గెలిచినవారికే పాయింటు, గేము 21కి. ఇప్పుడు ఒక్క నిమిషం ఏమరుపాటుకి అయిదు పాయింట్లు పోతాయి. రాకెట్టా, చెక్క పోయి ఉక్కు వచ్చింది, ఉక్కు పోయి కార్బన్ వచ్చింది. మా అమలాపురం కుర్రాడు సాత్విక్‌సాయిరాజ్ 2023లో జపానులో పరీక్షగా కొట్టిన స్మాష్ గంటకు 565 కిలోమీటర్ల వేగం చూపించింది. నాన్నగారి చెక్క రాకెట్టుతో అలా కొడితే షటిల్ కంటే ముందు రాకెట్టే అవతలి కోర్టులో పడుతుంది.

అంకెలు కూడా అంత నమ్మదగినవి కావు. ఇండొనేషియా రూడీ హార్టోనో 1968 నుంచి 1976 లోపల ఎనిమిదిసార్లు ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. చైనా లిన్ డాన్ గెలిచింది ఆరుసార్లే. అయితే హార్టోనోయే గొప్పా? కాస్త ఆగండి. హార్టోనో రాజ్యమేలిన కాలంలో చైనావారు ఆ పోటీలకి రానేలేదు. అంతర్జాతీయ సమాఖ్యలో చైనా చేరింది 1981లో. చేరిన మరుసటి సంవత్సరమే, మొట్టమొదటి ప్రయత్నంలోనే థామస్ కప్పు పట్టుకుపోయింది! ఆ తలుపు అంతకుముందే తెరుచుకుని ఉంటే హార్టోనోకి ఎన్ని దక్కేవో ఎవరు చెప్పగలరు? లిన్ డాన్‌కి రెండు ఒలింపిక్ స్వర్ణాలు, అయిదు ప్రపంచ టైటిళ్ళు ఉన్నాయి నిజమే. కాని హార్టోనో యౌవనంలో ఉన్నప్పుడు ఒలింపిక్స్‌లో పతకాలిచ్చే ఆటగా బాడ్మింటన్ లేనే లేదు. ఆ గౌరవం 1992 బార్సిలోనాలో వచ్చింది. లేని పతకాన్ని ఎవరు మాత్రం గెలుస్తారు?

అందుచేత నాకు తోచిందేమిటంటే, ఒక కాలపు ఆటగాణ్ణి మరో కాలపు కోర్టులో నిలబెట్టి "ఇద్దరిలో ఎవరు గెలుస్తారు?" అని అడగడం దండగ. అడగవలసింది, తన కాలంలో తనచుట్టూ ఉన్నవాళ్ళ కంటే ఎంత ఎత్తున నిలిచాడు, తన వెనక ఎంతమందికి దారి వేశాడు అని.

ఈ రెండో కొలతతో చూస్తే మా అబ్బాయి వాదంలో చాలా సత్తువ ఉంది. మోకాలికి శస్త్రచికిత్సలు జరిగాక కూడా గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్‌కి వెళ్ళి, సెమీ ఫైనల్స్‌లో డెన్మార్క్ పీటర్ గేడ్‌ను, ఫైనల్స్‌లో చైనా చెన్ హాంగ్‌ను ఓడించాడు. ప్రకాశ్ తరవాత 21 ఏళ్ళకి దేశానికి ఆ టైటిల్ తిరిగి వచ్చింది. మరొకరైతే ఆ పేరు చెప్పుకుని జీవితమంతా హాయిగా గడిపేవారు. ఆయన హైదరాబాదులో, గచ్చిబౌలిలో అకాడమీ కట్టాడు. 2008లో అది తయారయింది. 2012లో సైనా నెహ్వాల్‌కి లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం, 2016లో సింధుకి రియోలో రజతం. 2018లో గుంటూరు కుర్రాడు కిదాంబి శ్రీకాంత్ ప్రపంచ నంబర్ వన్. 2019లో సింధు ప్రపంచ ఛాంపియన్. 2022లో బాంకాక్‌లో, పధ్నాలుగుసార్లు థామస్ కప్పు గెలిచిన ఇండొనేషియాని మనవాళ్ళు 3-0తో ఓడించి మొదటిసారిగా ఆ కప్పు తెచ్చారు. ఆ రోజు నాన్నగారుండి ఉంటే ఏమయ్యేవారో తలచుకుంటే ఇప్పటికీ నాకు కళ్ళు చెమరుస్తాయి.

అయితే మా అబ్బాయికి ఒక సంగతి గుర్తుచేశాను. ఆ గోపీచంద్ శిక్షణ పొందినచోటు బెంగుళూరులో ప్రకాశ్ నెలకొల్పిన అకాడమీయే! వాడు తల గోక్కున్నాడు.

ఆటలో అధికారం మారడమంటే ఇదేననిపిస్తుంది నాకు. అది ఒక దేశంనుంచి మరో దేశానికి జెండా పట్టుకుని నడిచి వెళ్ళదు, గురువుల వెంట వెళుతుంది. ఈ ఆటకి నియమాలు పూనాలో ఇంగ్లీషు దొరలు రాసుకుని తమ దేశం పట్టుకుపోయారు. ఇండొనేషియాలో పుట్టిన టాంగ్ షియాన్‌హు చైనా వెళ్ళి ఆడాడు, ముసలితనంలో లిన్ డాన్‌కి గురువయ్యాడు. మన సాత్విక్‌నీ, ముంబయి కుర్రాడు చిరాగ్ శెట్టినీ జోడీగా కలిపింది మలేసియా గురువు టాన్ కిమ్ హర్. తరవాత తీర్చిదిద్దింది డెన్మార్క్ మథియాస్ బో. ఆ జోడీ 2023లో ప్రపంచ నంబర్ వన్ అయింది. ఎవరి కిరీటమూ ఎవరి దగ్గరా స్థిరంగా ఉండదు. 2012లో అయిదు స్వర్ణాలకి అయిదూ ఎగరేసుకుపోయిన చైనాకి తరవాతి మూడు ఒలింపిక్స్‌లోనూ రెండేసి మాత్రమే దక్కాయి. 2024 పారిస్‌లో మనకి బాడ్మింటన్‌లో ఒక్క పతకమూ రాలేదు.

ఇంతవరకూ రాసి సాయంత్రం అందరికీ చదివి వినిపించాను. తీర్పు అందరికీ నచ్చినట్టే కనిపించింది. మా చెల్లెలు మాత్రం మాట్లాడలేదు. పండక్కని వచ్చి మా ఇంట్లోనే ఉంది. కందిపప్పులో రాళ్ళేరుతూ విన్నది విన్నట్టే ఊరుకుని, చివరికి అడిగింది.

"అన్నయ్యా, నువ్వు చెప్పిన మొదటి ఇద్దరూ మగవాళ్ళే, మూడోవాడూ మగవాడే. నాలుగో మనిషి దగ్గరకొచ్చేసరికి ఆడపిల్ల. అంతకుముందు ఆడపిల్లలకి చేతులు లేవా?"

గదిలో అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

కారణం చెప్పాలి. నాకంటే అయిదేళ్ళు చిన్నది మా చెల్లెలు. నాన్నగారు క్లబ్బుకి వెళుతూ ఇద్దర్నీ వెంటబెట్టుకు వెళ్ళేవారు. అక్కడ కోర్టు ఖాళీ అయినప్పుడల్లా మేము ఆడేవాళ్ళం. నిజం ఒప్పుకుంటాను: దాన్ని నేను ఎన్నడూ ఓడించలేదు. నెట్టు దగ్గర అది వేసే డ్రాప్ చూసి పెద్దవాళ్ళు చప్పట్లు కొట్టేవారు. 1966లో దానికి పదమూడేళ్ళు వచ్చాయి, పరికిణీమీద ఓణీ వేసుకోవడం మొదలుపెట్టింది. "ఇంక క్లబ్బుకి బాగుండదు" అంది అమ్మ. నాన్నగారు ఏమీ అనలేదు. దాని రాకెట్టు నాకిచ్చారు. ఆ రాకెట్టుతో నేను మరో ఆరేళ్ళు ఆడాను. "అది నాది కాదు" అని ఒక్కనాడూ నాకు తోచలేదు.

కాలాలను పోల్చేటప్పుడు గెలిచినవాళ్ళ టైటిళ్ళు లెక్కపెడతాము గాని, కోర్టులోకి రానివ్వని వాళ్ళని ఏ పట్టికలో రాస్తాము? సైనా తండ్రి తెల్లవారుజామున కూతుర్ని స్కూటరుమీద కూర్చోబెట్టుకుని స్టేడియానికి తీసుకువెళ్ళేవారట. సింధు తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ ఆటగాళ్ళు. తండ్రి రమణగారు 1986 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులో ఉన్నారు. నియమాలు మారడం, రాకెట్లు మారడం, చైనా రావడం వీటన్నిటికంటే పెద్ద మార్పు ఏమిటంటే, ఆడపిల్ల చేతిలో రాకెట్టు చూసి "బాగుండదు" అనకుండా స్కూటరు స్టార్టు చేసిన తండ్రులు రావడమేనని నేనిప్పుడనుకుంటున్నాను.

నిజానికి ఆ ఆదివారం తగవు వెనక మరో తగవుంది. మనవరాలిని అకాడమీలో చేర్చాలా వద్దా అని ఇంట్లో నెల రోజులుగా నలుగుతోంది. మా అబ్బాయి భయం అబద్ధం కాదు. వందలమంది పిల్లలు చేరితే పేరు వచ్చేది ఒకరిద్దరికే. మిగతావాళ్ళ చదువు సంగతేమిటి? కోడలు ఖర్చు లెక్క వేసింది. అదీ అబద్ధం కాదు. "సింధు కాకపోతే?" అన్నాడు మా అబ్బాయి.

"కాకపోతే కాదు" అంది మా చెల్లెలు. "నేనూ ఏమీ అయ్యేదాన్ని కాదేమో. ఆ సంగతి తెలుసుకోనైనా లేదు కదా, యాభై తొమ్మిదేళ్ళయింది. దాన్ని తెలుసుకోనివ్వండిరా."

చివరికి రాజీ కుదిరింది. బడి మానకూడదు, రెండేళ్ళు పొద్దున్నే శిక్షణకి వెళ్ళాలి, తరవాత మళ్ళీ కూర్చుని మాట్లాడుకోవాలి. తెల్లవారుజామున అయిదింటికి దాన్ని కోర్టు దగ్గర దింపే పని నాకప్పగించారు. ఈ వయసులో స్కూటరు వద్దన్నారు గనక ఆటోలో వెళుతున్నాము. నిన్న మా చెల్లెలు కూడా వచ్చింది. బల్లమీద కూర్చుని చాలాసేపు చూసి, "నెట్టు దగ్గర మణికట్టు బిగబడుతున్నావే" అని ఒక్క మాట అంది. మనవరాలు మళ్ళీ వేసింది. షటిల్ నెట్టుని రాసుకుంటూ అవతల నెమ్మదిగా జారిపడింది.

"ఇదెవరు నేర్పారు మామ్మా నీకు?" అని అడిగింది అది ఆశ్చర్యంగా.

చెల్లెలు నావైపు చూసి ఊరుకుంది. జవాబు చెప్పవలసింది నేనే గనక, దారిలో ఆటోలో అంతా చెప్పాను. ఆ రాకెట్టు సంగతితో సహా.