రెండు సీట్లు, 940 కిలోలు

1980లో ఇంగ్లండులోని అబింగ్డన్ ఫ్యాక్టరీకి తాళం పడింది. దాంతో ఎంజీబీ కథ ముగిసింది. ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ తయారీ కూడా అదే ఏడు ఆగిపోయింది. రెండూ రెండేసి సీట్ల కార్లు, టాపు దించి గాలికి తిరిగే బండ్లు. వానొస్తే లోపలికి కారేవి, చలికి మొరాయించేవి, ఆపిన చోటల్లా ఆయిలు మరక వదిలేవి. అయినా మామూలు జీతగాడు కొనుక్కోగలిగేవాడు. ఆదివారం పూట కొండదారిలో అవి ఇచ్చే సరదా, వాటికి నాలుగింతల ఖరీదు చేసే కార్లు కూడా ఇచ్చేవి కావు. అవి పోయాక ఆ ధరలో, ఆ తీరులో కొత్త బండి దొరకడం గగనమైంది.

ఆ ఖాళీని ముందుగా పట్టుకున్నది ఇంజినీరు కాదు, విలేకరి. బాబ్ హాల్ అమెరికాలో కార్ల గురించి రాసేవాడు. జపనీస్ భాష వచ్చు. 1979లో మాజ్దా కంపెనీ పరిశోధన విభాగం పెద్ద కెనిచీ యమమోటో, మేం ఎలాంటి కారు చేస్తే బాగుంటుందని అతన్ని అడిగాడు. బ్రిటిష్ వాళ్లు వదిలేసినలాంటి చవకైన, తేలికైన రెండు సీట్ల బండి చెయ్యమన్నాడు హాల్. యమమోటో అల్లాటప్పా మనిషి కాదు. అందరూ చేతులెత్తేసిన రోటరీ ఇంజిన్ని పట్టుబట్టి నిలబెట్టిన బృందానికి నాయకుడు. మాట మనసులో పెట్టుకున్నాడు. 1981లో హాల్ కాలిఫోర్నియాలోని మాజ్దా శాఖలో ఉద్యోగిగా చేరాడు.

తర్వాత కంపెనీలోనే పోటీ పెట్టారు. ఇంజినూ, బండిని లాగే చక్రాలూ రెండూ ముందే ఉండాలని ఒక నమూనా, సీట్ల వెనక ఇంజిను ఉండాలని మరొకటి టోక్యో వాళ్లవి. ఇంజిను ముందు, లాగేది వెనక చక్రాలు అన్న పాత బ్రిటిష్ పద్ధతే కావాలన్నది కాలిఫోర్నియా వాళ్ల పట్టు. వాళ్లే నెగ్గారు. ఇంగ్లండులోని వర్తింగ్‌లో ఒక నమూనా బండి కట్టించి 1985లో శాంటా బార్బరా వీధుల్లో తిప్పి చూశారు. కంపెనీ పేరు ఎక్కడా కనపడనీయలేదు. అయినా జనం వెంటపడి, ఇది ఏం కారు, ఎక్కడ దొరుకుతుందని అడిగారు. హిరోషిమాలో ఉన్న కంపెనీ పెద్దల్ని ఒప్పించడానికి ఆ వెంటబడటం బాగా పనికొచ్చింది.

కాలిఫోర్నియా వాళ్లు నెగ్గడంలో పాతవాటి మీద మోజు ఒక్కటే లేదు, భౌతికశాస్త్రం కూడా ఉంది. టైరుకి రోడ్డును పట్టుకునే శక్తి ఒక హద్దు వరకే ఉంటుంది. ఆ శక్తినే బండిని లాగడానికీ, మలుపు తిప్పడానికీ పంచుకోవాలి. ముందు చక్రాలే రెండు పనులూ చేస్తే, మలుపులో యాక్సిలరేటరు గట్టిగా నొక్కినప్పుడు ముందు టైర్లు చాలక బండి మలుపు బయటికి జారుతుంది. లాగే పని వెనక చక్రాలకు అప్పగిస్తే ముందువి తిప్పడానికే మిగులుతాయి. స్టీరింగు పట్టుకున్న చేతికి రోడ్డు సంగతి శుభ్రంగా తెలుస్తుంది.

రెండోది బరువు. అసలు కథంతా ఇక్కడే ఉంది. అలా తయారైన కారు తొలి మోడలు జపాన్‌లో 940 కిలోలే. 1.6 లీటర్ల ఇంజిను, దాని బలం 115 హార్స్‌పవర్ చుట్టూ. ఇవాళ మన రోడ్ల మీద తిరిగే హ్యుందాయ్ క్రెటా పెట్రోలు ఇంజినుదీ దాదాపు ఇంతే. కాగితం మీద చూస్తే స్పోర్ట్స్ కారు అనడానికి మొహమాటం వేస్తుంది. కానీ తేలిక బండికి బ్రేకులు చిన్నవి చాలు, టైర్లు సన్నవి చాలు, స్ప్రింగులు మరీ గట్టివి అక్కర్లేదు. అవన్నీ చిన్నవైతే బండి బరువు ఇంకా తగ్గుతుంది. ఒక కిలో తగ్గిస్తే దాని వెనక మరికొన్ని గ్రాములు వాటంతటవే పోతాయి.

ఎంత బరువన్నది సగం సంగతే, ఎక్కడుందన్నది మిగతా సగం. కావడి భుజాన వేసుకున్న మనిషి ఉన్నచోటే గిరుక్కున తిరగలేడు. బరువు రెండు కొసలకూ వేలాడుతుంది కాబట్టి తిరగడం మొదలుపెట్టడమూ కష్టమే, ఆపడమూ కష్టమే. అదే బరువు ఒంటికి దగ్గరగా ఉంటే సులువు. అందుకే ప్రధాన ఇంజినీరు తోషిహికో హిరాయ్ బృందం ఇంజిన్ని ముందు చక్రాల ఇరుసుకు వెనక్కి జరిపింది, బానెట్‌ను అల్యూమినియంతో చేసింది, బ్యాటరీని డిక్కీలోకి పంపింది. ఇద్దరు కూర్చుంటే ముందు చక్రాల మీద సగం, వెనక చక్రాల మీద సగం బరువు పడుతుంది.

ఇంకొక ఏర్పాటు నాకు అన్నిటికన్నా ముచ్చటగా అనిపిస్తుంది. మామూలుగా వెనక చక్రాలకు బలాన్ని పంచే డిఫరెన్షియల్‌ని రబ్బరు దిమ్మల మీద విడిగా కూర్చోబెడతారు. యాక్సిలరేటరు నొక్కగానే ముందు ఆ రబ్బరు మెలిపడుతుంది, ఆ తర్వాతే బండి కదులుతుంది. రెప్పపాటు కూడా పట్టదు గానీ కాలికి తెలుస్తుంది. మాజ్దా వాళ్లు గేరుబాక్సు నుంచి డిఫరెన్షియల్ దాకా ఒక అల్యూమినియం దూలం బిగించేశారు. ఆ సాగుడు పోయింది. గుర్రమూ రౌతూ ఒక్కటైనట్టుండాలని జపాన్ విలుకాళ్లు చెప్పే మాటని హిరాయ్ ఈ బండికి లక్ష్యంగా పెట్టుకున్నాడు. బాడీ వంపులకు తుదిరూపం ఇచ్చిన షుంజీ తనాకా నోహ్ నాటకాల ముసుగుల నుంచి స్ఫూర్తి పొందాడు. వెలుగు మారినకొద్దీ ముఖభావం మారే ముసుగులవి.

1989 ఫిబ్రవరిలో షికాగో మోటారు ప్రదర్శనలో ఎంఎక్స్-5 మియాటా జనం ముందుకొచ్చింది. అమెరికాలో ధర 13,800 డాలర్లు. కొందరు డీలర్లు దాని మీద ఇంకా వేలు గుంజారు, జనం ఇచ్చారు కూడా. దీన్ని చూసి బీఎండబ్ల్యూ, ఫియట్, చివరికి ఎంజీ కూడా మళ్లీ రెండు సీట్ల బండ్ల వైపు తిరిగాయి. 2000లో గిన్నిస్ పుస్తకం దీన్ని ప్రపంచంలో ఎక్కువగా అమ్ముడైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారుగా గుర్తించింది. 2016 ఏప్రిల్‌లో పది లక్షలవ బండి తయారైంది.

పది లక్షలు తయారైతే వాటిలో చాలా భాగం ఎప్పుడో ఒకప్పుడు చేతులు మారక తప్పదు. ఇంజిను మాజ్దా మామూలు ఫ్యామిలీ కార్ల వంశంలోది కాబట్టి విడిభాగాలు విరివిగా దొరుకుతాయి. అమెరికాలో దీనికే ప్రత్యేకంగా రేసుల వర్గం కూడా ఉంది. ఇండియాలో మాజ్దా ఈ కారు అమ్మలేదు, కాబట్టి హైదరాబాదు వాళ్లు చదివి ఆనందించాల్సిందే. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లకి మాత్రం ఈ బేరం అందుబాటులోనే ఉంది.

బేరానికి వెళ్లినవాళ్లు ముందు కిలోమీటర్ల మీటరు చూస్తారు. నన్నడిగితే అది ఆఖరున చూడాలి. ఇంజిన్ని మార్చుకోవచ్చు, గేరుబాక్సుని మార్చుకోవచ్చు, తుప్పు తిన్న ఒంటిని మార్చలేం. టాపు మీద పడ్డ వాన సీట్ల వెనక ఉన్న రెండు తూముల్లోంచి కిందికి పోవాలి. ఆకులూ మట్టీ చేరి అవి పూడుకుపోతే నీళ్లు తలుపు కింది డొల్ల భాగంలోకి చేరి నిలుస్తాయి. ఇనుము లోపలినుంచి కుళ్లుతుంది. పైన రంగు ఉబ్బేసరికి లోపల చాలా పోయి ఉంటుంది. న్యూజెర్సీ లాంటి చోట చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఉప్పు కలిసిన నీళ్లలో విద్యుత్తు సులువుగా పారుతుంది, అందువల్ల తుప్పు పట్టే రసాయన చర్య వేగం పుంజుకుంటుంది. అందుకే బేరానికి ఒక సీసాడు నీళ్లు పట్టుకెళ్లి ఆ తూముల్లో మెల్లగా పోసి చూడటం మంచిది. వెనక చక్రాలకు కాస్త ముందు నేల మీద ధారగా పడితే సరే. పడకపోతే ఆ నీళ్లు ఎటు పోయాయో వేరే చెప్పక్కర్లేదు.

ఇంజినుకు పెద్ద పరీక్షలేం లేవు. తొలి ఏళ్ల బండ్లలో క్రాంక్‌షాఫ్టు ముక్కు పొట్టిది. ముందున్న పుల్లీ వదులై ఊగితే బేరం వదిలెయ్యడమే మేలు. స్టార్టు చేయగానే టిక్‌టిక్ మని వినిపించి, ఆయిలు వేడెక్కాక ఆగిపోతే భయం లేదు. 60,000 మైళ్లకోసారి మార్చాల్సిన టైమింగ్ బెల్టు తొలితరం బండిలో తెగినా వాల్వులు పిస్టన్లకు తగలవు. బండి దారిలో ఆగుతుందేగానీ ఇంజిను నాశనం కాదు.

ఏ తరం కొనాలంటే, నా ఓటు 1998 నుంచి 2005 దాకా వచ్చిన రెండోదానికి. మొదటిదానికి బానెట్లోంచి పైకి లేచే దీపాలున్నాయి. వాటి మీద మోజుతో దాని ధర ఏటేటా పెరుగుతోంది. 2017లో మాజ్దా స్వయంగా జపాన్‌లో ఆ పాత బండ్లను బాగుచేసే పథకం ప్రకటించింది. అంటే అది ఇప్పుడు ఆదివారం తోలే బండి నుంచి దాచుకునే వస్తువుగా మారుతోంది. రెండోతరం దీపాలు మామూలువే, కానీ వెనక అద్దం ప్లాస్టిక్ కాదు, గాజు. మెకానిక్ చేత ముందువైపు చాసిస్ దూలాలకు తుప్పుందేమో చూపించుకుంటే చాలు. మూడోది పెద్దది, బరువెక్కింది. 2015లో వచ్చిన నాలుగోది మళ్లీ 1000 కిలోల దగ్గరకు దిగింది గానీ, దాని ధర కూడా ఆ మేరకే ఉంటుంది.

ధరలో మిగిల్చుకున్న డబ్బు మొదట టైర్ల మీద పెట్టాలి. వారానికోసారి తిరిగే బండి టైర్లు అరగవు, ముదురుతాయి. రబ్బరు గట్టిపడ్డాక ఇంజినీర్ల బరువు లెక్కలన్నీ తడి రోడ్డు మీద ఎందుకూ కొరగావు. టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో చేసిందని అర్థం. ఆరేడేళ్లు దాటిన టైరైతే గాళ్లు ఎంత లోతుగా ఉన్నా తీసెయ్యాలి.